విందు రోజు ఉపవాసం

గుండ్లవాగు,
చర్ల రోడ్డు,
నవంబరు, 1987.

మా తల్లి ఎస్తేరుకు,

మీ అమ్మ ముద్దులతో, దీవెనలతో రాయడం. దేవుని కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నకు జ్వరం మళ్ళీ తిరగబెట్టలేదు. మాత్ర మింగమంటే చిన్నపిల్లాడిలా మొహం తిప్పుకోవడం మాత్రం మానలేదు. నల్లమేక ఈనింది. చిక్కుడు పాదు ఇంటికప్పు ఎక్కి కూర్చుంది. నువ్వు కూడా అక్కడ మద్రాసులో వేళకు తింటూ, నర్సు ట్రైనింగు డ్యూటీలో జాగ్రత్తగా ఉన్నావని తలుస్తున్నాను.

ఈసారి సంగతులు ఇన్‌లాండు లెటరులో పట్టవు, అందుకే కవరు. కవరు మీద స్టాంపు చూశావా? ముడతలు పడి, ఒక మూల చిరిగి, అన్నం మెతుకుతో అంటించి ఉంటుంది. ఎందుకలా ఉందో చివర్లో చెప్తాను. ముందే చివరి పేజీకి వెళ్ళావంటే చూడు! నీ సంగతి నాకు తెలియదా? కథల పుస్తకం చేతికిస్తే వెనక నుంచి చదివే పిల్లవి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. గోంగూర పచ్చడి జాడీకి వాసెన కట్టి ఉంచాను, అటు వచ్చేవాళ్ళు దొరకగానే పంపుతాను. అడవి వైపు గూడెంలో జంపక్క మనవరాలికి నువ్వు చెప్పిన టీకాలు వేయించారు. ఇక నీ రూములో ఉండే సత్తుపల్లి అమ్మాయి ప్రమీలారాణి "మీ బైబిల్లో రాసినట్టు నిజంగా బతికేవాళ్ళని ఒక్కరిని చూపించు" అని అడిగిందని, నీకు నోట మాట రాలేదని రాశావు. ఆ పిల్ల గడుసుదే! పూజలు చేసుకునే ఇంటి పిల్లకు మన గుట్టు ఎట్లా తెలిసిందో!

ఆ కిందనే, చీమ తలకాయంత అక్షరాలతో, అసలు సంగతి రాశావు. పెళ్ళంటూ చేసుకుంటే రోడ్డు అవతలి పేట సంతోషమ్మ కొడుకు రత్నాకరాన్నే చేసుకుంటానన్నావు. దేవుని ఎదుట తేడాలు లేవని ప్రతి ఆదివారం చదువుతాం కదా, మరి మన ఊళ్ళో తారురోడ్డుకు ఇవతల ఒక గుడి, అవతల ఒక గుడి ఎందుకమ్మా అన్నావు. అదే బైబిలు, అవే పాటలు, కానీ వాళ్ళ ఇంట్లో మనం మంచినీళ్ళు తాగం, పిల్లనివ్వం, ఇదేం క్రైస్తవం అన్నావు. నిజం చెప్తున్నాను, అది చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి బూడిదలో పోతున్నా చూడలేదు. మీ నాన్నకు ఉత్తరం చూపించలేదు. "పిల్ల బాగుందట" అని మాత్రం చెప్పి ఊరుకున్నాను.

దానికి నా జవాబు చెప్పాలంటే ముందు మన కృతజ్ఞత కూడిక సంగతి చెప్పాలి. ఓపిక పట్టు.

ఆగస్టులో మీ నాన్నకు జ్వరం తలకెక్కినప్పుడు నీకు పరీక్షలని సగమే రాశాను. ఆయనకు మాట పడిపోయింది. వాగు పొంగి బస్సులు లేవు. మన పేటలో అందరూ వచ్చి చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు, కాదనను. కానీ గూడెం నుంచి పోతయ్య తన వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, నులకమంచానికి కర్రలు కట్టి, మీ నాన్నను భుజాలకెత్తుకుని మెడలోతు నీళ్ళలో వాగు దాటించాడు. జంపక్క నా చెయ్యి వదలకుండా పట్టుకుని నడిపించింది. అవతల జీపు ఎక్కించి భద్రాచలం దవాఖానాకు చేర్చేదాకా వాళ్ళు ఇంటి మొహం చూడలేదు. వాళ్ళకు మన గుడి తెలియదు, మన పాట తెలియదు. వాళ్ళ వేల్పులు వాళ్ళకున్నారు. "మా పిల్లలకు సదువు చెప్పే సారు" అన్నదొక్కటే వాళ్ళకు తెలిసింది.

ఆయన బతికి బయటపడితే కృతజ్ఞత కూడిక పెడతానని దవాఖానా వరండాలో మొక్కుకున్నాను. మన వాళ్ళ కూడికలు నీకు తెలియనివా? పందిరి, నాలుగు పాటలు, ఒక వాక్యం, ఆ తర్వాత వేట మాంసం. పాటల వేళకు ఎవరూ రారు, మాంసానికి ఎవరూ మానరు. ఖమ్మం నుంచి మీ ప్రకాశరావు మామయ్య కుటుంబం, ముదిగొండ నుంచి మన చుట్టాలు, అందరినీ గొప్పగా పిలవాలని అనుకున్నాను. మా అన్నయ్య ఖమ్మంలో సంఘ పెద్ద. ఆయన ఇంటి ఫంక్షన్లన్నిటికీ మనం వెళ్ళి తిని వచ్చాం. మనం పెట్టకపోతే తలెత్తుకోగలమా?

అంతలో ఒకనాడు కుటుంబ ప్రార్థనలో మీ నాన్న చదువుతూ చదువుతూ టక్కున ఆగిపోయాడు. విందు చేస్తే చుట్టాలను, కలిగినవాళ్ళను పిలవకు, వాళ్ళు మళ్ళీ నిన్ను పిలిచి బాకీ తీర్చేస్తారు, తిరిగి పిలవలేని బీదలను, కుంటివాళ్ళను, గుడ్డివాళ్ళను పిలువు అని యేసుప్రభువు చెప్పిన చోటు అది. కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు.

"దీనా, మనం పిలిచేటోళ్ళంత మనల్ని తిరిగి పిలిచేటోళ్ళే గదా?"

"పిలవక? రేపు అన్నయ్య చిన్నకూతురి పెళ్ళికి పిలవకుండా ఉంటడా?"

"అందుకే వాళ్ళొద్దు."

నాకు నవ్వొచ్చింది ముందు, కోపం తర్వాత వచ్చింది. "మన పెళ్ళయిన కాడి నుంచి చదువుతున్నరు గదా ఈ అధ్యాయం. ఇన్నాళ్ళు లేంది ఇప్పుడేంది?" అన్నాను.

"ఇన్నాళ్ళు మంచం మీద వాగు దాటలే గదా," అన్నాడు.

ఇక ఆయనతో ఎవరు వాదిస్తారు? మెత్తగా మాట్లాడుతూనే మొండికేసే మనిషి. మర్నాడే బయలుదేరి పోతయ్య గూడెం మొత్తాన్ని పిలిచి వచ్చాడు. తండాలో చూపులేని ముసలమ్మ సక్రిని పిలిచాడు. చెట్టు మీద నుంచి పడి కాలు పోగొట్టుకున్న దస్రును పిలిచాడు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు అవతలి పేటలో ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలిచాడు. సంతోషమ్మనూ పిలిచాడు. నాకెట్లా ఉంటుందో ఆలోచించు! నీ ఉత్తరం నా కొంగున ముడేసి ఉంది, ఈయన వెళ్ళి ఆమెను విందుకు పిలిచి వచ్చాడు.

నేనేం తక్కువ తిన్నానా? బస్సు కండక్టరు తుల్సీరాంను ఆపి, ఖమ్మానికీ ముదిగొండకూ నోటి మాటగా కబురంపాను. "మాస్టారుకు చెప్పకు" అన్నాను. చెప్పకపోతే ఇంతమంది వచ్చాక ఆయన మాత్రం ఏం చేస్తాడులే అని నా ధైర్యం. అంటే ఒకే రోజు, ఒకే పందిరి, ఒకే కూరకు ఇద్దరం రెండు రకాల చుట్టాలను పిలుచుకున్నాం. ఇట్లాంటి మొగుడూ పెళ్ళాలు ఎక్కడైనా ఉంటారా?

కూడిక రోజు తెల్లవారింది. మేకపోతులను కోశారు. భారతమ్మ గారింటి పెద్ద డేగిసాలు అరువు తెచ్చి పెట్టాము. ఉల్లిగడ్డల బస్తా విప్పాము. వంటకు వస్తామన్న మన పేట ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఒకామెకు తలనొప్పి, ఇంకొకామెకు నడుంనొప్పి, మూడో ఆమెకు ఏ నొప్పీ దొరకలేదేమో, నిజమే చెప్పింది. "అక్కా, మాస్టారు ఆ పేటోళ్ళందర్ని పిలిసిండట గదా. వాళ్ళతోటి పంక్తిల మేం కూసోం" అంది. ఆమె ఎవరో నీకు రాయను. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నువ్వు పోట్లాట పెట్టుకుంటావు.

పొయ్యిలు మండుతున్నాయి, మాంసం పళ్ళాల్లో ఉంది, నేను ఒక్కదాన్ని. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు వచ్చింది సంతోషమ్మ. విందుకు పిలిచారని తలంటుకుని, నీలం చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. పెరట్లోకి తొంగి చూసింది. నన్ను చూసింది, డేగిసాలను చూసింది. కొంగు నడుముకు చుట్టి, "మాస్టారమ్మా, గరిటె ఇటియ్యి" అని చెయ్యి చాపింది.

నా చెయ్యి వెంటనే రాలేదు ఎస్తేరూ. మన ఇంటి కూరలో ఆ పేట వాళ్ళు గరిటె పెట్టడం నేను పుట్టాక చూడలేదు. పైగా ఆమె నీ రత్నాకరం తల్లి. కానీ నూనె కాగి పొగలొస్తోంది. ఇచ్చాను. ఆమె వెనకే వాళ్ళ పేట ఆడవాళ్ళు వచ్చి ఉల్లిగడ్డల మీద పడ్డారు. జంపక్క వచ్చి బియ్యం కడిగింది. కాసేపటికి పెరడంతా ఒకటే నవ్వులు. మసాలా వాసన చర్ల దాకా వెళ్ళి ఉంటుంది.

పదకొండు గంటల బస్సుకు మా అన్నయ్య వాళ్ళు దిగారు. తెల్ల బట్టలు, జిప్పు వేసిన బైబిళ్ళు, మీ అత్తయ్య సెంటు వాసన. మీ నాన్న వాళ్ళను చూసి నన్ను చూశాడు. నేను పందిరి రాట వైపు చూశాను. ఆయన కోప్పడలేదు, "వచ్చిన్రు గదా, కూసోనియ్యి" అన్నాడు.

వాక్యం చెప్పమని అన్నయ్యను అడిగారు. ఏం చెప్పాడనుకున్నావు? పొరుగువాణ్ణి ప్రేమించడం గురించి, యేసయ్య సుంకరులతో, పాపులతో కూర్చుని తినడం గురించి! బల్ల మీద గుద్దితే మంచినీళ్ళ గ్లాసు ఎగిరిపడింది. "మన ప్రేమ మాటల్లో కాదు, చేతల్లో ఉండాల!" అని అరిచినప్పుడు పాపం చూపులేని సక్రి ఎవరో కొట్టుకుంటున్నారనుకుని లేచి నిలబడింది. అందరం ఆమెన్ అన్నాం.

ఇంతలో మీ అత్తయ్య చెయ్యి కడుక్కునే వంకతో పెరట్లోకి వచ్చి, డేగిసా దగ్గర ఎవరున్నారో చూసింది. గిరుక్కున తిరిగి వెళ్ళి అన్నయ్య చెవిలో ఏదో ఊదింది. మోదుగాకు విస్తర్లు పరిచి పిలిచేసరికి అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"చెల్లెమ్మా, మర్సిపోయిన. నాకు ఇయ్యాల ఉపవాసం."

"ఏంది అన్నయ్యా, భద్రాచలం బస్టాండుల ఇడ్లీ తిన్ననని దిగంగనే చెప్పితివి గదా?"

"ఇడ్లీ తిన్నంక పెట్టుకున్న."

మీ అత్తయ్యకూ ఉపవాసమే. ముదిగొండ నుంచి వచ్చిన వాళ్ళకూ ఉపవాసమే. అంటువ్యాధిలా ఒకరి నుంచి ఒకరికి పాకింది. మన పేట నుంచి తిండికి మాత్రం వచ్చిన పెద్దమనుషులు కూడా ఉపవాసం అన్నారు.

మీ నాన్న సంగతి చూడు! ఆ మనిషికి కపటం అర్థం కాదు. ఉపవాసం అనగానే కళ్ళు చెమ్మగిల్లాయి. పందిరి మధ్యకు వెళ్ళి, "మనం తింటుంటే మన కోసం కడుపు మాడ్చుకుని ప్రార్థన చేసేటోళ్ళు ఇంత దూరం నుంచి వచ్చిన్రు. ఎంత భాగ్యం!" అని అందరికీ వినబడేటట్టు చెప్పాడు. స్కూలు నుంచి తెచ్చిన కుర్చీలన్నీ పంక్తికి ఎదురుగా వేయించి, ఉపవాసం వాళ్ళను వరసగా కూర్చోబెట్టి, "మేం తినేటంత సేపు మీరు పాటలు పాడుర్రి" అన్నాడు.

ఇక చూడు ఆ వైభోగం! ఇటు విస్తట్లో పొగలు కక్కే అన్నం, దాని మీద ఎర్రటి కూర, మూలుగ నిండిన నల్లి బొక్కలు. అటు కుర్చీల్లో తెల్ల బట్టలు, గుటకలు మింగుతూ పాట. మా అన్నయ్య చూపు బైబిలు మీద, ముక్కు డేగిసా మీద. పోతయ్య అమాయకంగా మీ నాన్నను అడిగాడు. "సారూ, మీ దేవుని పండుగల కలిగినోళ్ళు పస్తుండాలె, లేనోళ్ళు తినాలెనా? మంచిగుందిది." మీ నాన్న ఆలోచించి, "అవ్, రాసిందైతే గట్లనే ఉంది" అన్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ముందుగా లేచింది ఎవరనుకున్నావు? ముదిగొండ అన్నమ్మ నానమ్మ. మీ నాన్న పెద్దమ్మకు పళ్ళు లేకపోయినా నోరుంది కదా. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి సక్రికీ దస్రుకూ మధ్యన చతికిలబడింది. "నాకు ఏ ఉపవాసం లేదు. నాకు మెత్తటి ముక్కలెయ్యి పిల్లా" అంది సంతోషమ్మతో. మీ మామయ్య "అత్తా" అని పిలిచాడు. ఆమె తల కూడా తిప్పకుండా, "ఒరే ప్రకాశం, యేసయ్య ఎవరెవరితోటి తిన్నడో ఇందాకటి దాకా నువ్వే చెప్తివి. నువ్వెవరితోటి తినవో గూడ చెప్పి కూసో" అంది. పందిరంతా గొల్లుమంది.

ఆ తర్వాత పిల్లలు ఆగలేదు. అన్నయ్య మనవళ్ళు కుర్చీల కింద నుంచి దూరి పంక్తిలోకి వచ్చారు. వాళ్ళకు తినిపించే వంకతో వాళ్ళ తల్లులు, వాళ్ళను కోప్పడే వంకతో తండ్రులు. మీ అత్తయ్య "ఉప్పు సరిపోయిందా" అని చూడబోయి రెండు సార్లు వడ్డించుకుంది. చివరికి కుర్చీల్లో అన్నయ్య ఒక్కడే మిగిలాడు. పాపం, పాట ఐదో చరణంలో ఉన్నాడు.

అప్పుడు సంతోషమ్మ చేతులు తుడుచుకుంటూ ఆయన ముందుకు వచ్చింది. ఏదైనా దెప్పుతుందేమో అనుకున్నాను. దెప్పినా తప్పు లేదు. ఆమె తల వంచుకుని, "అయ్యగారు, పొద్దుగూకినంక ఉపవాసం ఇడుస్తరు గదా. బస్సుల మీకు బువ్వ దొరకదని క్యారేజీల వేరేగ పెట్టిన. నల్లి బొక్క గూడ ఏసిన. ఇంత భక్తిగలోళ్ళు మా ఊరికి రానే రారు" అంది.

ఎగతాళి కాదే అది! ఆమె నిజంగానే నమ్మింది. మా అన్నయ్య ఉపవాసాన్ని మన ఊళ్ళో మనస్ఫూర్తిగా నమ్మినవాళ్ళు ఇద్దరే, మీ నాన్నా, ఆమే. అన్నయ్య మొహం ఎర్రబడింది. క్యారేజీ అందుకున్నాడు. సాయంత్రం బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు తుల్సీరాం బస్సు ఆపి మరీ చెప్పాడు. "అమ్మా, మీ అన్నయ్య మన ఊరి పొలిమేర దాటకముందే మూత తీసిండు. బస్సంత గుమగుమ. నల్లి బొక్క చప్పరిస్తుంటే డ్రైవరు బ్రేకు మర్సిపోయిండు." మొన్న ఆ క్యారేజీ కడిగి, అందులో ఖమ్మం బజారు జిలేబీ పెట్టి తిరిగి పంపాడు. సంతోషమ్మకు ఇవ్వమన్నాడట. మా అన్నయ్య అంత చెడ్డవాడేం కాదులే. నలుగురి ముందు మంచివాడు కాలేడు, అంతే.

ఇక అందరూ వెళ్ళాక జరిగిందే నీకు కావలసిన సంగతి. డేగిసాలు తోమడానికి నేనూ సంతోషమ్మా పెరట్లో కూర్చున్నాం. పొద్దున్నుంచి ఇద్దరం తినలేదు. డేగిసా అడుగున మిగిలిన కూరలో ఆమే అన్నం వేసి కలిపి, నా విస్తట్లో పెట్టబోయి ఆగింది. నా మొహం చూసింది. "పెట్టు" అన్నాను. తిన్నాను. ఆ అడుగు కూర రుచి నీకు ఉత్తరంలో ఎట్లా రాయను!

తింటూ తింటూ ఆమె నవ్వింది. "మాస్టారమ్మా, ఒక మాటడుగుత, కోపం జెయ్యవు గదా? మాస్టారు పిలవనొచ్చినప్పుడు ఆ వాక్యం సదివిండు. తిరిగి పిలవలేనోళ్ళను పిలవాలెనని. మమ్ముల గూడ గట్లనే పిలిసిన్రా?"

నేను తల వంచుకుని విస్తట్లో మెతుకులు ఏరుకున్నాను.

"మేం పిలవలేమా ఏంది? నాకు రెండు కోళ్ళున్నయ్. నా కొడుకు పాల్వంచల కరెంటు పని జేస్తుండు. మేం గూడ పిలుస్తం. వచ్చే ఆదివారం మా ఇంట్ల తినుర్రి. వస్తరా?"

"వస్తం" అన్నాను. అన్నానే గానీ వారమంతా నాకు అదే ఆలోచన. మీ నాన్నకు ఆమె మాట చెప్తే ఆయన బైబిలు తెరిచి ఆ చోటే మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత, "తప్పు చేసిన దీనా. వాక్యం ప్రకారం చేసిననుకున్న. వాళ్ళను బీదోళ్ళ కింద పిలిసిన గానీ ఇంటోళ్ళ కింద పిలవలే" అన్నాడు. మనిషి నీరుగారిపోయాడు. అప్పుడే నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను.

చదివాడు. మళ్ళీ చదివాడు. నేను గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాను. కళ్ళజోడు తుడుచుకుని అన్నాడు గదా, "పిలగాడు మంచోడే. లెక్కలల్ల మాత్రం కొంచెం వీకు. ఏడో తరగతిల నేనే చెప్పిన." అంతే! నువ్వు హాస్టల్లో ఏడుస్తుంటే, నేను పాలు పొంగించుకుంటుంటే, ఆ మనిషికి వచ్చిన అభ్యంతరం అదొక్కటే.

ఆదివారం మన గుడి అయ్యాక ఇద్దరం రోడ్డు దాటాము. మన పేట వాళ్ళు అరుగుల మీద నుంచి చూస్తూనే ఉన్నారు. నేను కొంగు తల మీదకు లాక్కున్నాను, మీ నాన్న మాత్రం బడికి వెళ్ళినట్టు హాయిగా నడిచాడు. సంతోషమ్మ ఇల్లు అద్దంలా అలికి ముగ్గు పెట్టి ఉంది. ఆమె మాత్రం పొయ్యి ముందు కూర్చుని ఊదలేక కళ్ళ నీళ్ళు పెట్టుకుంటోంది. ముందు రోజు కురిసిన వానకు కట్టెలు తడిసి అంటుకోవడం లేదు.

"మాస్టారమ్మా, ఏదన్న కాయితం ఉందా?" అని అడిగింది.

ఇప్పుడు చెప్తున్నాను, విను. ఇంతవరకు దాచింది ఇదే. నీ ఉత్తరం వచ్చిన రోజే నేను నీకు జవాబు రాశాను. ఆ పేట గడప తొక్కితే నాకు కూతురే లేదనుకుంటానని రాశాను. ఇంకా ఏమేమో రాశాను, అవి నీకు అక్కర్లేదు. కవరుకు స్టాంపు అంటించి బైబిల్లో పెట్టుకుని తిరుగుతున్నాను. ప్రతిరోజూ బస్సుకు ఇద్దామనుకోవడం, ఇవ్వకపోవడం. ఆ ఆదివారం కూడా అది బైబిల్లోనే ఉంది. బైబిల్లోంచి తీసి సంతోషమ్మ చేతికిచ్చాను. మళ్ళీ లాక్కుని స్టాంపు ఒక్కటీ చింపి దాచుకున్నాను. అది కొత్తది కదా, పాడు చేయడమెందుకు? పొయ్యి భగ్గున అంటుకుంది. నేను రాసిన మాటల మీద కోడికూర ఉడికింది. ఆ స్టాంపే ఈ కవరు మీద ఉంది.

అన్నం తిన్నాం. మీ నాన్న మారు వడ్డించుకుని, గిన్నె కూడా తుడిచాడు. చేతులు కడుక్కున్నాక నాకు ఒకటే ఆలోచన. మనలో పిల్లను అడగడానికి మగపిల్లవాడి తల్లి మన గడపకు రావాలి. అది ఆచారం. కానీ సంతోషమ్మ ఎన్నేళ్ళయినా ఆ మాట అడగడానికి రోడ్డు దాటి రాదు. తన కొడుకు మనసు ఆమెకు తెలియదనుకున్నావా? తెలుసు. ఆ రోజు పెరట్లో కొడుకు సంగతి ఎత్తి, వెంటనే మాట తిప్పేసినప్పుడే నాకు అర్థమయింది. గరిటె అడిగిన మనిషి పిల్లను అడగలేదు. అందుకే నేనే అడిగాను.

"వదినా, మా ఎస్తేరును మీ రత్నాకరానికి అడగవా?"

ఆమె చేతిలో చెంబు కింద పడింది. నీళ్ళన్నీ మీ నాన్న పంచె మీద. "ఏమన్నవ్ మాస్టారమ్మా?" అంది. "మాస్టారమ్మ కాదు, వదినా" అన్నాను. ఇంక ఇద్దరం పట్టుకుని ఏడుస్తుంటే మీ నాన్న తడి పంచెతో మధ్యలో నిలబడి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన ప్రార్థనలు నీకు తెలుసు కదా, ముందు ఆదాము దగ్గర నుంచి వస్తాడు. మేం ఏడవడం అయిపోయి నవ్వడం మొదలుపెట్టినా ఆయన ఇంకా మోషే దగ్గరే ఉన్నాడు.

మన పేటలో కొందరు మాట్లాడటం మానేశారు. మానేయనీ, కొన్నాళ్ళు చెవులకు సుఖం. మా అన్నయ్య వస్తాడో రాడో తెలియదు. వస్తే ఉపవాసం సంగతి ముందే అడిగి విస్తరి వేస్తాను. నువ్వు మాత్రం పరీక్షలు సగంలో వదిలి పరుగెత్తుకు రాకు. క్రిస్మస్ సెలవులకు రా. రత్నాకరానికి నేనే కబురంపాను, కంగారుపడి స్తంభం మీద నుంచి పడకుండా దిగాక చెప్పమన్నాను.

ఇక ప్రమీలారాణికి జవాబు. రాసినట్టు పూర్తిగా బతికే మనిషిని ఒక్కరిని చూపించమంటే గుండ్లవాగులో నాకు దొరకలేదని చెప్పు. మీ నాన్న పిలిచాడు గానీ తక్కువ చేసి పిలిచాడు. అన్నమ్మ నానమ్మ పంక్తిలో కూర్చుంది గానీ, నోరు చూశావుగా! మా అన్నయ్య చీకట్లో బస్సులో తిన్నాడు. పోతయ్య అయితే రాసింది చదవకుండానే చేసేశాడు. మీ అమ్మ మాటకొస్తే, ఇంత కాలానికి ఒక రోడ్డు దాటింది, అదీ కోడికూరకు వెళ్ళి. ఆ పిల్ల ఒప్పుకోకపోతే పెళ్ళికి రమ్మను. సంతోషమ్మ చేతి కూర తిన్నాక మాట్లాడదాం.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఈ ఉత్తరం చదివి డ్యూటీలో నవ్వుకుంటూ ఒకరి సూది ఇంకొకరికి పొడిచేవు! వచ్చేటప్పుడు మీ నాన్నకు కళ్ళజోడు పెట్టె, నాకేమీ వద్దు, సంతోషమ్మకు మాత్రం ఒక నీలం చీర తీసుకురా. పాతదానికి మన ఇంటి నూనె మరకలు పడ్డాయి.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
రోడ్డు అవతలి సంతోషమ్మకు వదిన,
దీనమ్మ.